గిర్ని పక్కింటి కనెక్షన్

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు జగిత్యాలలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ వాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, ఆటలోళ్ల కంప్లైంట్ అస్తె ఏం జెయ్యాలె? స్పీడు జూస్తె మంచిగనే ఉంటది, వాళ్లేమో నెట్ లేదంటరు."

ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. చెడ్డ జవాబు ఒకటి ఉంది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను. ఆ ఇల్లు తెలిసినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మొదట టెలిఫోన్ తీగలు లాగాను, తర్వాత టీవీ కేబుళ్లు లాగాను, ఆఖరి తొమ్మిదేళ్లు ఇంటర్నెట్ ఫైబర్ లాగాను. సిరిసిల్లలో చాలా ఏళ్లు, ఆ తర్వాత కోరుట్ల, మెట్‌పల్లి వైపు. మాది చిన్న ప్రైవేటు కంపెనీ. ఆఫీసు జగిత్యాలలో. ఏ రోజు కంప్లైంట్ ఆ రోజే మూసెయ్యాలన్నది మా మేనేజర్ పట్టుదల. ఆ లెక్కలో కంపెనీ మొత్తంలో నేనే ముందుండేవాణ్ని. నెలాఖరు మీటింగులో నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించేవారు. ఆ చప్పట్లంటే నాకు ఇష్టంగానే ఉండేది. దాచడం ఎందుకు.

ఆ ఇల్లు కోరుట్లలో ఒక గిర్ని పక్కన ఉంది. పసుపు, కారం, పిండి పట్టే గిర్ని. ఇంట్లో ఇద్దరే ఉండేవారు. అత్త, కోడలు. కోడలికి ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. పెళ్లయి నాలుగేళ్లు. పిల్లలు ఇంకా లేరు. భర్త గల్ఫ్‌లో డ్రైవరు. నాలుగేళ్లలో ఇద్దరూ కలిసి ఉన్నది ఎనిమిది నెలలకు మించదు.

ఈ కంప్లైంట్ మీద మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె చెప్పింది, "కాకా, సినిమాలు మంచిగనే అస్తయ్. ఆట ఆడేటప్పుడే కట్ అయితుంది."

"ఏం ఆట బిడ్డా?"

ఫోన్ తీసి చూపించింది. నలుగురు జట్టుగా ఒక దీవిలో దిగి, మిగతా జట్లను కాల్చుకుంటూ చివరిదాకా బతికి ఉండాల్సిన ఆట. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే జట్టులోవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. అప్పటిదాకా ఆ ఆట కంప్లైంట్లు నాకు కాలేజీ పిల్లల దగ్గర్నుంచే వచ్చేవి. ఇల్లాలు ఒకామె తుపాకులాట ఆడుతుందంటే నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

"ఆట బంజేస్తె ఖరాబే ఉండది గదా," అన్నాను.

ఆమె నవ్వలేదు. అత్త వాకిట్లో ఉందో లేదో ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "గాయన ఉన్న దేశంల నెట్ మీద ఫోన్ మాట్లాడనియ్యరు కాకా. మామూలు ఫోన్ జేస్తె పైసలు మస్తు అయితయ్, రెండు నిమిషాలకు పెట్టేస్తడు. గీ ఆటల మాత్రం మాటలు పోతయ్. శుక్రారం ఆయనకు సెలవు. గంట, గంటన్నర మాట్లాడుకుంటం. ఆట నాకేం అస్తది? ఆయన ఎన్క ఉరుకుత, గంతే."

ఆ మాట విన్నాక నవ్వడం మానేశానే గానీ, ఆ సంగతి ఎంత పెద్దదో నాకు ఎక్కలేదు. ఫోన్‌లో స్పీడు కొలిచే యాప్ తెరిచాను. తీసుకున్న ప్లానుకు తగ్గట్టే వస్తోంది. "మోడెం ఉన్న అర్రలనే కూసోని ఆడు," అని చెప్పి సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

పిల్లలూ, మీరు ఇక్కడ ఆగాలి. సినిమా ఆడుతున్నప్పుడు ఫోన్ రాబోయే ముక్కను ముందే తెచ్చి దాచుకుంటుంది. మధ్యలో నెట్ పోయినా దాచుకున్నదానితో కాసేపు నెట్టుకొస్తుంది. ఈలోగా ఫోన్ తనంతట తానే సిమ్ డేటాకు మారిపోతుంది. చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఆటకు ముందే తెచ్చి దాచుకోవడానికి ఏమీ ఉండదు. అవతలివాడు ఈ క్షణం ఏం చేస్తాడో ఈ క్షణమే రావాలి. ఒక్క అర నిమిషం తెగితే మనిషి జట్టులోంచి మాయమవుతాడు. అందుకే "ఆట ఆడేటప్పుడే" అని ఎవరైనా అంటే, నెట్ ఎప్పుడూ పోతోందని, వాళ్లకు కనబడేది ఆటలో మాత్రమేనని అర్థం చేసుకోవాలి. ఇది నాకు తెలియక కాదు. ఆ రోజు ఇంకా ఐదు కంప్లైంట్లు ఉన్నాయి.

మూడు వారాలకు మళ్లీ కంప్లైంట్. ఈసారి స్తంభం ఎక్కి మా డబ్బాలో ఆమె ఇంటి ఫైబర్ జాయింటు విప్పి మళ్లీ కట్టాను. లోపల వెలుతురు ఎంత వస్తుందో మీటరు పెట్టి చూశాను. బాగానే ఉంది. మోడెంను కిటికీ దగ్గర్నుంచి గోడ మీదికి మార్చాను. చేసింది చాలా పనిలాగే కనబడింది. అత్తగారు మంచినీళ్లు ఇస్తూ అంది, "గిర్ని పెట్టంగనే లైటు గుడ్డిగైతది తమ్మీ. కరెంటోళ్లకు గూడ చెప్పుండ్రి."

"గది మా పని గాదమ్మా," అన్నాను.

సిరిసిల్లలో పనిచేసిన మనిషిని నేను. సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారిగా మొదలైతే వీధి వీధంతా లైట్లు ఎలా కుంగుతాయో అన్నేళ్లు చూశాను. అక్కడ ఎవరి ఇంటికి వెళ్లినా ముందు ప్లగ్గులో కరెంటు చూశాకే మా తీగ చూసేవాణ్ని. కోరుట్ల వచ్చేసరికి ఆ అలవాటు పోయింది. ఎందుకు పోయిందో ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. అంతకుముందు వానాకాలంలో ఒక పిడుగు దెబ్బకు ఆమె మోడెం అడాప్టర్ కాలిపోయింది. కొత్తది నా సంచిలో లేదు. సిరిసిల్లలో కనెక్షన్ తీసేసిన ఒక సాంచెల షెడ్డు నుంచి పట్టుకొచ్చిన పాత అడాప్టర్ ఉంటే అదే పెట్టాను. వచ్చే వారం కొత్తది తెచ్చి మారుస్తానని ఆమెకు చెప్పాను. మరిచిపోయాను. ఆ వేడిలో, ఆ దూదిలో ఏళ్ల తరబడి నడిచిన అడాప్టర్‌లో ఎంత ప్రాణం మిగిలి ఉంటుంది? మామూలుగా నడుస్తుంది. కరెంటు ఒక్క క్షణం కుంగితే మాత్రం తట్టుకోలేక మోడెంను ఆర్పేస్తుంది. మోడెం మళ్లీ లేచి కుదురుకునేసరికి రెండు మూడు నిమిషాలు.

ఈ ముక్క అప్పుడు తట్టి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మూడో కంప్లైంట్ వచ్చినప్పుడు నేను ఆ ఇంటికి వెళ్లలేదు. జగిత్యాల ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయిని ఆ కనెక్షన్ చరిత్ర తీయమన్నాను. మోడెం ఎప్పుడు ఆరిపోయింది, ఎందుకు ఆరిపోయింది అన్నది అక్కడ వరసగా ఉంటుంది. మోడెంకు కరెంటు అందకుండా పోయే ఆఖరి క్షణంలో అది ఆఫీసుకు ఒక కబురు పంపి ఆరిపోతుంది. తీగ తెగితే ఆ కబురు రాదు. ఈ ఇంటి వరసలో ప్రతి చోటా అదే ఉంది: పవర్ ఆఫ్, పవర్ ఆఫ్, పవర్ ఆఫ్.

"ఇగో, దొరికింది," అన్నాను. "ఇంట్లోల్లే స్విచ్ బంజేస్తుండ్రు."

ఆ అమ్మాయి తెర వైపే చూస్తూ అంది, "సార్, పవర్ ఆఫ్ అంటె కరెంటు అందలేదని గదా. బంజేసిండ్రని యాడుంది?"

"రెండూ ఒకటే."

"ఒకటెట్లయితది సార్?"

ఆమె వయసు నా చిన్న కూతురు వయసు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.  కోరుట్ల ఇంటికి ఫోన్ చేసి, స్విచ్ ఎవరైనా ఆపుతున్నారా అని అడిగాను. ఎవరూ ముట్టలేదని కోడలు చెప్పింది. కరెంటు పోయిందా అంటే, పోలేదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉందని అత్త చెప్పింది. ఫ్యాన్ తిరుగుతుంటే కరెంటు ఉన్నట్టే. కరెంటు ఉండి మోడెం ఆరిపోయిందంటే చెయ్యి పెట్టినట్టే. నా లెక్క అంత సులువుగా తేలిపోయింది. కంప్లైంట్ కింద "లైన్ బాగుంది, కస్టమర్ వైపు స్విచ్ ఆఫ్" అని రాయించి మూసేశాను.

అప్పటికి అటు భార్యాభర్తల మధ్య ఏం నడుస్తోందో నాకు తెలియదు. తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ప్రతి శుక్రవారం మన లెక్కన రెండున్నరకు ఆట మొదలుపెట్టేవాళ్లు. గిర్ని ఆసామి అన్నం తిని వచ్చి, మూడింటికి అటూ ఇటూగా మోటారు వేసేవాడు. సరిగ్గా మాట పాకాన పడే వేళకు ఆమె ఆటలోంచి మాయమయ్యేది. జట్టులో మూడో మనిషిగా ఎవరో తెలియని కుర్రాడు వచ్చి చేరేవాడు. ఒక మనిషి పోతే ఆ జట్టు ఓడిపోతుంది కాబట్టి ఆ కుర్రాడూ వెళ్లిపోయేవాడు. భర్తకు అక్కడ కనబడేది ఏమిటంటే, తన భార్య, ఆ కుర్రాడు ఇద్దరూ ఒకేసారి పోతున్నారు. ఒకసారి ఆమె సిగ్నల్ కోసం డాబా ఎక్కి సిమ్ డేటా మీద ఆడింది. "ఎన్క అస్తుండు, ఎన్క అస్తుండు" అని ఆమె అరవడం వాడకట్టంతా విన్నది. కోడలు డాబా ఎక్కి ఎవరితోనో మాట్లాడుతోందన్న మాట సముద్రం దాటి పోయింది.

ఇక ఆ శుక్రవారం. మెట్‌పల్లిలో ఒక దుకాణం ముందు నిచ్చెన వేసుకుని ఉన్నాను. ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి, గల్ఫ్ నుంచి కస్టమర్ మాట్లాడతాడట అని కలిపింది.

"కాకా, కోరుట్ల గిర్ని పక్కింటోన్ని. మా ఇంట్ల నెట్ ఎందుకు పోతుంది?"

"లైన్ మంచిగనే ఉంది తమ్మీ."

"మంచిగుంటె ఎట్ల పోతుంది?"

"మీ ఇంట్లకెల్లే బంజేస్తుండ్రు. కంప్యూటర్ల సాఫ్ కనబడుతుంది."

 పైసలు కాలుతున్న ఫోన్‌లో అదే మాట మళ్లీ అడిగాడు.

"సాఫ్ కనబడుతుందా కాకా?"

"సాఫ్."

"శుక్రారాలు ఎన్నింటికి బందయ్యిందో జెర చెప్తవా?"

ఆఫీసు అమ్మాయి నా ఫోన్‌కు పంపిన ఆ వరస తెరిచి చదివాను. పోయిన శుక్రవారం రెండు యాభై ఎనిమిది. దాని ముందుది మూడు గంటల నాలుగు నిమిషాలు. దాని ముందుది రెండు యాభై ఒకటి. తెర మీద సోమవారాలు ఉన్నాయి, బుధవారాలు ఉన్నాయి, పొద్దున పదింటివి ఉన్నాయి. అతను అడిగింది శుక్రవారాలు. నేను శుక్రవారాలే వేలితో వెతికి, ఒక్కటీ తప్పకుండా చదివాను. నిమిషాలతో సహా చెప్పగలుగుతున్నందుకు లోపల కొంత గొప్పగా కూడా అనిపించింది.

"మంచిది కాకా. థ్యాంక్స్," అని పెట్టేశాడు.

ఉద్యోగంలో నాకు ఎంతోమంది థ్యాంక్స్ చెప్పారు. గుర్తున్నది అదొక్కటే.

నెల తిరిగేలోపే ఆ ఇంటి నుంచి కనెక్షన్ తీసెయ్యమని ఫోన్ వచ్చింది. మోడెం తెచ్చుకోవడానికి వెళ్లాను. పొద్దున పదకొండు గంటలు. అత్త ఒక్కతే ఉంది.

"కోడలు లేదా అమ్మా?"

"లేదు. వెల్గటూర్ పంపిచ్చినం, తల్లిగారింటికి." ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "నువ్వే చెప్తివట గదా నా కొడుక్కు. అది బుద్ధి వెట్టి స్విచ్ బంజేస్తుందని."

నేను చెప్పింది అది కాదని అనబోయాను. కానీ నేను చెప్పింది అదే. బుద్ధి పెట్టి, అంటే కావాలని, అన్న మాట ఒక్కటే వాళ్లు కలుపుకున్నారు.

గోడ దగ్గర స్టూలు వేసుకుని మోడెం విప్పడానికి చెయ్యి పెట్టాను. పక్కన గిర్ని మోటారు గుర్రుమంది. నెత్తి మీద ట్యూబులైటు ఒకసారి కొట్టుకుంది. నా చేతుల మధ్యే మోడెం మీది పచ్చ లైట్లు నాలుగూ ఒక్కసారిగా ఆరిపోయాయి. స్విచ్ వైపు చూశాను. వేసే ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఒక లైటు, తర్వాత ఇంకోటి వెలిగాయి.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. గిర్ని ఆగి మళ్లీ మొదలైంది. మళ్లీ ఆరిపోయింది. అడాప్టర్ పీకి చూస్తే ఒక పక్క ప్లాస్టిక్ వేడికి పసుపు రంగుకు తిరిగి ఉంది. సంచిలోంచి కొత్త అడాప్టర్ తీసి పెట్టాను. గిర్ని మూడోసారి మొదలైంది. ట్యూబులైటు కొట్టుకుంది. మోడెం కదల్లేదు.

"బాగైందా?" అంది అత్త, గుమ్మంలో నిలబడి.

"బాగైందమ్మా. తప్పు నాదే. కోడలు ఏం జెయ్యలే. గీ అడాప్టర్ ఖరాబుంది."

ఆమె చాలాసేపు ఆ పాత అడాప్టర్ వైపు చూసింది. "గంత చిన్నదానికా?" అని మాత్రం అంది. తర్వాత, "నాకేం సమజ్ గాదు. వాడు తీసెయ్యమన్నడు, తీస్కపో," అంది.

ఆ రోజే గల్ఫ్‌కు ఫోన్ చేశాను. నా ఖర్చుతో, నా ఫోన్ నుంచి. మొత్తం చెప్పాను. అతను విన్నాడు.

"మొన్న సాఫ్ కనబడుతుందంటివి."

"పొరపాటయ్యింది తమ్మీ. నేను తప్పు జెప్పిన."

"ఎవలు చెప్పిచ్చిండ్రు కాకా గిట్ల? దాని అన్న అచ్చిండా నీ దగ్గరికి?"

ఎవరూ రాలేదని ఒట్టు వేసి చెప్పాను. పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు నుంచి అతనికి ఫోన్ కలవలేదు.

పెద్దమనుషుల పంచాయితీ అని తెలిసి ఎవరూ పిలవకుండానే వెళ్లాను. అదే ఇంటి ముందర్రలో కూర్చున్నారు. ఇటువైపు నలుగురు, అటువైపు ముగ్గురు. కోడలు గోడకు ఆనుకుని తల్లి పక్కన కూర్చుంది. భర్త తరఫున మాట్లాడుతున్నది అతని మేనమామ. నేను పాత అడాప్టర్, మోడెం రెండూ సంచిలో వేసుకుని వెళ్లాను. మాటలతో చెబితే వాళ్లకు అర్థం కాదు, కళ్లతో చూపిస్తానన్నాను. సరే చూపించమన్నారు. ప్లగ్గులో పెట్టాను. పచ్చ లైట్లు వెలిగాయి.

"ఇప్పుడు గిర్ని మొదలైతే చూడుండ్రి," అన్నాను.

గిర్ని మొదలవలేదు. పది నిమిషాలు చూశాం. నేను బయటికి వెళ్లి చూస్తే తాళం వేసి ఉంది. ఆసామి మెట్‌పల్లిలో పెళ్లికి పోయాడట. మర్నాటికి గానీ రాడట. ముందే ఒక్కమాట కనుక్కుని ఉండాల్సింది. కనుక్కోలేదు.

నేను తిరిగి లోపలికి వచ్చేసరికి మోడెం చక్కగా వెలుగుతూనే ఉంది. అందరూ దాని వైపే చూస్తున్నారు. గంట గడిచింది. ఒక్కసారైనా ఆరలేదు.

"మంచిగనే నడుస్తుంది గదనయ్యా," అన్నాడు మేనమామ. "అప్పుడేమో స్విచ్ బంజేసిండ్రంటివి. ఇప్పుడేమో డబ్బా ఖరాబంటివి. డబ్బా జూస్తె మంచిగుండె. నీ ఏ మాట వట్టుకోవాలె మేము?"

అతను అడిగింది న్యాయమైన ప్రశ్న. 

ఆమె ఆ పంచాయితీ మొత్తంలో ఒక్కసారే నోరు తెరిచింది. "గిర్ని తీసే దినం మల్లొక్కసారి కూసుందాం," అంది.

"మాకు పనుల్లేవా బిడ్డా," అన్నారు ఎవరో. అక్కడితో అయిపోయింది. మర్నాడు నేను ఫోన్‌లో వీడియో తీసి పంపుదామని వెళ్తే అత్త గుమ్మం దాటనివ్వలేదు. నేను ఇలా వచ్చి ఊళ్లో తలెత్తుకోనివ్వడం లేదని ఏడ్చింది. ఆమెను తప్పు పట్టలేకపోయాను.

ఆ ఏడాదే రిటైరయ్యాను. ఆఫీసులో శాలువా కప్పారు. ఏ రోజు కంప్లైంట్ ఆ రోజే మూసిన మనిషిగా నన్ను ఆదర్శంగా తీసుకోవాలని మేనేజర్ కొత్త పిల్లలకు చెప్పాడు. కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. బయటికి వచ్చేటప్పుడు నా చేతికి కొన్ని కాగితాలు ఇచ్చింది. ఆ ఇంటి మోడెం చరిత్ర మొత్తం. పాతవి కంప్యూటర్‌లోంచి చెరిగిపోతాయని ముందే ప్రింటు తీసి పెట్టిందట. "ఎప్పటికన్న పనికస్తయేమో సార్," అంది.

రెండేళ్ల తర్వాత ఒక పొద్దున భర్త జగిత్యాలలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మనిషిని చూడటం అదే మొదటిసారి. గొంతును బట్టి గుర్తుపట్టాను. సెలవు మీద వచ్చి పది రోజులైందట. ఇంట్లో టీవీ చూస్తుంటే గిర్ని మొదలైనప్పుడల్లా టీవీ కింది సెట్‌టాప్ డబ్బా ఆరి వెలుగుతోందట.

"మూడు దినాలు కూసోని చూసిన కాకా. గిర్ని పెట్టంగనే ఆరిపోతుంది. మూడు దినాలు."

కాగితాలు తెచ్చి ముందు పెట్టాను. ఒక్కో వరస మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. రెండో కాగితం దగ్గర ఆగాడు.

"గివి అన్ని వారాలున్నయ్ గదా. సోమారం, బుధారం, దినాం ఉంది."

"ఉన్నయ్."

"నాకు శుక్రారాలే చెప్తివి."

"నువ్వు శుక్రారాలే అడిగితివి," అన్నాను. అన్న మరుక్షణం నా మీద నాకు అసహ్యం వేసింది.

ఇద్దరం బస్సెక్కి వెల్గటూర్ వెళ్లాం. అతనే అడిగాడు రమ్మని. జరిగింది నా నోటితో చెబితే ఆమె వస్తుందని అతని ఆశ. నాకూ ఆశ ఉండింది. దారి పొడుగునా ఏం చెప్పాలో లోపల్లోపల కూర్చుకున్నాను. ఆమె ఇంటి ముందు పందిరి కింద కుట్టుమిషను మీద ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, కసురుకోలేదు. వాళ్లమ్మ కుర్చీలు వేసింది. నేను చెప్పాల్సింది చెప్పాను. అతను కాగితాలు ఆమె ముందు పెట్టాడు.

ఆమె వాటిని ముట్టుకోలేదు.

"నాకెరుకే కాకా," అంది నాతో. "నేను బంజెయ్యలేదని నాకు కాయితం సూపియ్యాల్నా?"

తర్వాత అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "బంజెయ్యలే బంజెయ్యలే అని నీకు ఎన్నిసార్లు చెప్పిన? ఏడ్చిన గూడ. ఒక్కసారి నమ్మలే. గాయన ఎవలో, మొకం గూడ ఎరుగవు. గాయన ఒక్కమాట అంటె నమ్మి ఎల్లగొట్టినవ్. ఇయ్యాల మల్ల గాయన మాట మీదనే తోల్కపోను అచ్చినవ్. రేపు ఇంకెవడన్న ఇంకోటి జెప్తడు. అప్పుడేం జేస్తవ్?"

అతను తల దించుకున్నాడు. "తప్పయ్యింది," అన్నాడు.

"అయ్యింది," అంది ఆమె. "విడాకుల కాయితం తయారుజేపిచ్చు. సంతకం వెడత."

మిషను మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ చాయ్ తెచ్చింది. తాగకుండా లేవడం బాగుండదని తాగాం. అంత కష్టమైన చాయ్ నేను ఎన్నడూ తాగలేదు.

పొద్దున్నుంచి నేను అనుకుంటూ వచ్చింది, నిజం చెబితే తెగింది మళ్లీ అతుక్కుంటుందని. ఫైబర్‌కు అలాగే చేస్తాం కదా, రెండు కొసలూ శుభ్రం చేసి, వేడి పెట్టి కలిపితే వెలుతురు మళ్లీ పారుతుంది. ఆమె చెప్పింది విన్నాక నాకు తెలిసింది, నేను తెంపిన తీగ ఏదో నాకు ఈ రెండేళ్లూ తెలియదని. నా అబద్ధం వల్ల పోయిందేదో నా నిజం వల్ల కూడా తిరిగి రాలేదు. రెండుసార్లూ ఆమె మాటను పక్కకు నెట్టి నడిచింది నా మాటే.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఎండ బాగా ఉంది.  నా మీద కోపంగా ఉంటాడని, ఒకటి రెండు మాటలు అంటాడని చూశాను. అంటే బాగుండుననిపించింది.

దూరంగా బస్సు కనబడ్డాక అడిగాడు.

"కాకా, ఆ దినం నేను ఫోన్ జేసినప్పుడు, ఎందుకు పోతుందో నీకు అసలు ఎరుకేనా?"

"లేదు."

"మరి తెల్వదు అంటె అయిపోతుండె గదా."

బస్సు వచ్చి ఆగింది. అతను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ఎక్కుతూ, ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో ఆ మాట ఎవరితోనైనా అన్నానేమో అని వెతుక్కున్నాను. ఒక్కరు కూడా గుర్తుకు రాలేదు.